కలకత్తాలో కంప్యూటరు ఖరీదు

పార్లమెంటుకు విరామం వచ్చినప్పుడు ఈ విలేఖరికి ఢిల్లీలో కాలు నిలవదు. కొత్త భవనంలో సెంట్రల్ హాలు అన్నది లేకుండా పోయిన తరువాత సభ జరిగే రోజుల్లోనే కబుర్లకు కరువు వచ్చింది. సభ లేని రోజుల సంగతి చెప్పనక్కర లేదు. అందుచేత ఈ వారం ఉత్తరం కోల్‌కతా నుంచి వ్రాస్తున్నాను. 2001లో అధికారికంగా పేరు మారినా మా యింట్లో ఈ నగరాన్ని ఇప్పటికీ కలకత్తా అనే అంటాము. పాఠకులు మన్నించాలి.

వచ్చిన పని రాజకీయం కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో వుంటున్న మా తమ్ముడు ఫోను చేసి, కలకత్తా వెళ్ళినప్పుడు చాందినీ మార్కెట్టులో పాత స్పెక్ట్రమ్ కంప్యూటరు ఏదైనా దొరుకుతుందేమో చూడమన్నాడు. పని చెయ్యకపోయినా ఫరవాలేదట. ధర ఎంతైనా సరేనట. “ఎంతైనా సరే” అన్న మాట మా యింట్లో ఒకే ఒక్క వస్తువు విషయంలో రెండుసార్లు వినబడింది. మొదటిసారి ఆ మాట అన్నవారు మా నాన్నగారు. అది 1986.

ఈ తరం పాఠకులకు ఆ వస్తువేమిటో చెప్పాలి. ఇంగ్లండులో సర్ క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయన 1982 ఏప్రిల్‌లో విడుదల చేసిన చిన్న కంప్యూటరు అది. మన గంటల పంచాంగం కంటె కాస్త పెద్దది, అంతకంటె కాస్త మందం. నల్లని పెట్టె, దానిపై లేత బూడిద రంగు రబ్బరు మీటలు. దానికంటూ తెర లేదు. ఇంట్లోని టెలివిజనుకు తగిలించాలి. ప్రోగ్రాములు దాచుకోవడానికి పాటల క్యాసెట్టే గతి. క్యాసెట్టు మీటితే కీచురాయి అరచినట్లు ఒక చప్పుడు. అయిదు నిమిషాలు ఆ చప్పుడు భరిస్తే ఒక ఆట తెర మీదికి వచ్చేది. జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. ఈనాడు మన జేబులోని ఫోను తీసే ఒక్క ఛాయాచిత్రం అందులో పట్టదు.

దాని ధర 175 పౌనులు. అంతకు ముందు, 1977లో, అమెరికాలో ఆపిల్-2 వచ్చినప్పుడు దాని ధర 1298 డాలర్లు. 1981లో ఐ.బి.యం. వారి పర్సనల్ కంప్యూటరు 1565 డాలర్లకు మొదలయింది. 1982లోనే వచ్చిన కొమొడోర్-64 ఖరీదు 595. వీటన్నిటి పక్కన పెట్టి చూస్తే సింక్లెయిరుది చౌక సరకు. ఇంగ్లీషు పిల్లలు క్రిస్మసు కానుకగా దానిని సంపాదించుకున్నారు. ఇప్పుడు వయసు మీరి, ఆ రబ్బరు మీటలను తలచుకుని నిట్టూరుస్తున్నారు. సింక్లెయిరు 2021లో కన్నుమూసినప్పుడు లండను పత్రికలు వ్రాసిన వ్యాసాలలో రాజకీయ నాయకులకు కూడ దక్కని ఆప్యాయత కనిపించింది.

నాటి మారకపు లెక్కన 175 పౌనులంటే 3 వేల రూపాయలకు లోపు. కాని మన దేశంలో కంప్యూటరు ధరను నిర్ణయించింది తయారు చేసినవాడు కాడు. ఢిల్లీలోని ఉద్యోగ భవన్, ఉత్తర బ్లాకు. విదేశీ మారకద్రవ్యం పొదుపు చెయ్యాలి కనుక లైసెన్సు, లైసెన్సు వచ్చినా దిగుమతి సుంకం, సుంకం కట్టినా ఓడరేవులో నిరీక్షణ. 1978లో ఐ.బి.యం. మూట కట్టుకుని వెళ్ళిపోయింది. మనవాళ్ళకు చేతగాక కాదు. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. 1969లోనే టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారు చేసింది. కాని అవన్నీ ప్రయోగశాలలకూ ఆఫీసులకూ ఉద్దేశించినవి. ఇంట్లో పిల్లవాడు ముందు కూర్చుని తాకగల యంత్రం ఒకటి వుండవచ్చునన్న ఊహే మన విధాన నిర్ణేతలకు చాలాకాలం రాలేదు.

1984 నవంబరులో, శ్రీ రాజీవ్ గాంధీ ప్రధాని అయిన కొద్ది వారాలకే, కొత్త కంప్యూటరు విధానం వెలువడింది. సుంకాలు తగ్గాయి, లైసెన్సులు సులువయ్యాయి. మరుసటి ఏడు మద్రాసు నుంచి శ్రీ శివశంకరన్ గారి సంస్థ “శివ పి.సి.” పేరిట సుమారు 33 వేల రూపాయలకు ఒక యంత్రాన్ని అమ్మజూపితే పోటీదారులు గగ్గోలు పెట్టారు. అది చౌక! మారుతీ 800 కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కినప్పుడు దాని ధర 47,500 రూపాయలని గుర్తు చేసుకుంటే ఆ చౌక ఎంత చౌకో తెలుస్తుంది. మరొక కొలబద్ద నా వృత్తిలోది: 1985 చివర పెంచిన తరువాత కూడ పార్లమెంటు సభ్యుని నెల జీతం వెయ్యి రూపాయలు. అనగా లోక్‌సభ సభ్యుడు భత్యాలతో బ్రతుకుతూ, జీతంలో పైసా ముట్టకుండా 33 నెలలు దాచితే, దేశంలోకెల్లా చౌకైన పి.సి. ఒకటి కొనగలిగేవాడు.

ఇదే రోజుల్లో కేంద్ర ప్రభుత్వం “క్లాస్” అనే పథకం క్రింద రెండువందల యాభై వరకు పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రాలను యిచ్చింది. మంచి పథకమే. కాని చాలాచోట్ల ఆ గదికి తాళం, తలుపు దగ్గర చెప్పులు విప్పవలెనన్న బోర్డు. పిల్లలు కిటికీలోంచి చూసి దండం పెట్టుకుని వెళ్ళేవారు.

ఇక కలకత్తా. ఈ దేశంలో కంప్యూటరు మొట్టమొదట దిగిన నగరం ఇదే. 1955లో, నగరానికి ఉత్తరాన బరానగర్‌లో శ్రీ ప్రశాంతచంద్ర మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటుకు ఇంగ్లండు నుంచి హెచ్.ఇ.సి.-2ఎం అనే యంత్రం ఓడలో వచ్చింది. గదిలో సగం ఆక్రమించే బీరువా అది. ఖరీదు సుమారు 2 లక్షలు. తిరిగే అయస్కాంతపు డోలు మీద 1024 పదాలు దాచుకోగలదు. నేటి లెక్కలో 4 కిలోబైట్లు. అనగా 1986లో మా యింటికి వచ్చిన నల్లపెట్టె జ్ఞాపకశక్తిలో పన్నెండో వంతు. అంతకు ముందు ఆ సంస్థలో లెక్కలు ఎక్కువగా చేతితో త్రిప్పే యంత్రాలపై జరిగేవి. మన శ్రీ కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, విశ్వవిఖ్యాతి చెందిన సి. ఆర్. రావు గారు, ఆ యంత్రాల కాలంలోనే అక్కడ చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సైన్యంలో సర్వే ఉద్యోగం కోసం కలకత్తా వచ్చి, అది దొరకక, బస చేసిన దక్షిణాది హోటల్లో తారసపడిన ఒకరి ద్వారా ఆ సంస్థ సంగతి తెలుసుకుని, 1941 జనవరిలో చేరారు. ఉద్యోగం దొరకని తెలుగు కుర్రవాడు కలకత్తా రైలెక్కడం ఆ రోజుల్లో కొత్త కాదు. మా నాన్నగారు కూడ అట్లాగే ఎక్కారు. అయితే శ్రీకాకుళంలో, 1957లో, టైపు పరీక్ష పాసై. జీవిత బీమా సంస్థలో గుమాస్తా ఉద్యోగం దొరికింది.

కంప్యూటరు తొలుత కాలుపెట్టిన ఈ నగరమే పదేళ్ళు తిరిగేసరికి దానికి తలుపు మూసింది. 1960ల ద్వితీయార్ధంలో జీవిత బీమా సంస్థ బొంబాయిలోనూ కలకత్తాలోనూ పెద్ద కంప్యూటర్లు పెట్టాలనుకున్నది. కలకత్తాలో అందుకు నిర్ణయించిన చోటు బ్రేబోర్న్ రోడ్డులోని ఇలాకో హౌస్. ఉద్యోగులు ఆ భవనం చుట్టూ రాత్రింబవళ్ళు కాపలా కాశారు. వంతులు వేసుకుని, మరమరాలు తింటూ, మట్టి ముంతల్లో టీ తాగుతూ, ఏ అర్ధరాత్రో లారీలో యంత్రం వచ్చి దిగిపోకుండా కాచారు. అక్కడ ఆ యంత్రం పని మొదలుపెట్టనే లేదు. తరువాత కేంద్రం యంత్రీకరణ ప్రశ్నను పరిశీలించడానికి శ్రీ వి. ఎం. దండేకర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. 1972లో నివేదిక వచ్చింది. సంఘాలు వెయ్యడం, నివేదికలు రావడం ఢిల్లీకి నిత్యకృత్యమే. ఇలాకో హౌస్ వంటి కాపలా మాత్రం మరెక్కడా జరిగినట్లు నేను వినలేదు.

దీనిని మూర్ఖత్వమని ఇప్పుడు తేలికగా కొట్టివేస్తారు. నేను కొట్టివెయ్యలేను. అప్పటి కలకత్తాలో ఒక గుమాస్తా ఉద్యోగం మీద ఎందరు బ్రతికేవారో చూసిన వాళ్ళం. తూర్పు బెంగాలు నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు, ఒక జీతం, ఎనిమిది పళ్ళేలు. వెయ్యి మంది పని ఒక బీరువా చేస్తుందని యజమాన్యమే గొప్పగా చెప్పుకుంటున్నప్పుడు, ఆ వెయ్యిమందీ భయపడరా? వారి భయం అబద్ధం కాదు. వారు వేసిన తాళం మాత్రం తప్పు తలుపుకు వేశారు. యంత్రం బ్రేబోర్న్ రోడ్డుకు రాకపోతే మానె, మరొక చోటికి వెళ్ళింది. దాని వెంట నడిచిన ఉద్యోగాలు కూడ వెళ్ళాయి.

మా నాన్నగారు ఆ కాపలాలో వున్నారు. నేను పుట్టిన సంవత్సరం అది. పురిటి కబురు ఆయనకు ఇలాకో హౌస్ మెట్ల మీద అందిందని మా అమ్మ దెప్పుతూ వుండేది. యూనియన్ పెద్ద నాయకులేమీ కారు. చందా కట్టి, ఊరేగింపులో నడిచి, పిలిస్తే పోయే మనిషి.

ఆయనకు ఇద్దరు కొడుకులు. 1986లో నేను ఇంగ్లీషు బి.ఏ. ముగించి ఢిల్లీలో ఎం.ఏ.కు దరఖాస్తు పెట్టుకున్నాను. తమ్ముడికి 14 ఏళ్ళు. కాలేజీ స్ట్రీటులో పాత ఇంగ్లీషు కంప్యూటరు పత్రికలు రూపాయికి ఒకటి చొప్పున కొని తెచ్చి, వాటిలో అచ్చయిన ప్రోగ్రాములను కాగితం మీద పెన్సిలుతో నడిపించేవాడు. యంత్రం లేదు. తానే యంత్రం, ఒక్కొక్క వరుస చదివి, జవాబు ఎంత వస్తుందో మార్జినులో వ్రాసుకునేవాడు. ఒక రాత్రి నాన్నగారు ఆ కాగితాలు చాలాసేపు చూశారు. ఆయన వృత్తి కూడ లెక్కల పట్టీలదే గదా.

నా చదువు కోసం ఆఫీసు సహకార పరపతి సంఘంలో 5 వేల రూపాయల అప్పుకు దరఖాస్తు పెట్టారు. “పెద్ద కుమారుని ఉన్నత విద్య” అని కారణం వ్రాసి వున్నది, నేను చూశాను. డబ్బు చేతికి వచ్చిన ఆదివారం ఆయన నన్ను పిలిచారు.

“నీ చదువు ఏడాది ఆగినా చెడిపోదురా. వాడి బుద్ధి ఇప్పుడే ఆడుతున్నది. వచ్చే ఏడు నిన్ను పంపిస్తాను.”

పందొమ్మిదేళ్ళవాడికి అంతకంటె చేదు మాట వుండదు. నాకు తోచిన బాణం వేశాను. “మీరు రాత్రంతా కాపలా కాసింది దీన్ని రానివ్వకూడదనే గదా, నాన్నగారూ?”

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నారు: “ఆఫీసులోకి రానివ్వమన్నాం. ఇంట్లోకి రాకూడదని ఎవరన్నారు?”

ఖిదిర్‌పూర్ ఫాన్సీ మార్కెట్టు సంగతి తెలియని కలకత్తావాసి ఆ రోజుల్లో లేడు. రేవు దగ్గర కనుక, ఓడల మీద పనిచేసేవారు తెచ్చిన జపాను గడియారాలు, టేపు రికార్డర్లు, సెంటు సీసాలు అక్కడ దొరికేవి. కూరగాయల దగ్గర అణా కోసం అరగంట బేరమాడే మా నాన్నగారు, ఆ సందులోని దుకాణదారుతో బంగ్లాలో “ఎంతైనా సరే, తెప్పించు” అనడం నేను విన్నాను. మూడు వారాలకు వచ్చింది. 4800 రూపాయలు. ఆయన రెండు నెలల పైచిలుకు జీతం. పది గ్రాములు 2 వేల చిల్లర వున్న ఆనాటి ధరకు రెండు తులాల బంగారం. అది ఇంగ్లండులో అప్పటికే పాతబడి ధర పడిపోయిన సరకని మాకు తెలియదు. ఆ కాలంలోనే పూనాలో డెసిబెల్స్ అనే సంస్థ ఇదే యంత్రాన్ని ఇక్కడ కూర్చి అమ్మిందని కూడ తరువాత తెలిసింది.

తెచ్చి తగిలిస్తే తెర మీద బొమ్మ రాలేదు! ఆ పెట్టె వెలువరించే సంకేతాలు విలాయతీ టెలివిజన్ల ఛానెళ్ళకు సరిపడేవి. దూరదర్శన్ కోసం చేసిన మన బ్లాక్ అండ్ వైట్ టి.వి. ఆ ఛానెలును అందుకోలేదు. 4800 రూపాయల నల్లపెట్టె రెండు రోజులు బల్ల మీద మూగగా కూర్చున్నది. ఆ రెండు రోజులూ నాన్నగారు అన్నం సరిగా తినలేదు. చివరికి చాందినీలో ఒక మెకానిక్కు టి.వి. వెనక మూత విప్పి, పెట్టెలోంచి నేరుగా తీగ లాగి కలిపి, 150 రూపాయలు తీసుకున్నాడు. అప్పు 5 వేలలో ఇక మిగిలింది 50. అది నాకిచ్చి పుస్తకం కొనుక్కోమన్నారు. కొనుక్కోలేదు, కోపం మీద సినిమాలకు తగలేశాను.

తరువాతి శత్రువు లోడ్ షెడ్డింగు. కలకత్తాలో కరెంటు పోవడమంటే ఈనాటి పిల్లలకు అర్థం కాదు. ముఖ్యమంత్రి పేరు జ్యోతి, నగరమంతా చీకటి అని వీధిలో హాస్యాలాడేవారు. తమ్ముడు రెండు గంటలు కూర్చుని పత్రికలోని ప్రోగ్రామును అక్షరం అక్షరం మీటి, క్యాసెట్టులోకి ఎక్కించబోయే నిమిషానికి ఫాను ఆగిపోయేది. యంత్రం అంతా మరచిపోయేది. వాడు ఏడ్చేవాడు కాడు. కొవ్వొత్తి వెలిగించి, మళ్ళీ పెన్సిలు తీసేవాడు.

అసలు చిక్కు మరొకటి. మేము వుండేది లేక్ మార్కెట్టు ప్రాంతంలో. నాన్నగారి ఆఫీసు మిత్రులు, ఇలాకో హౌస్ మెట్ల మీద ఆయనతో రాత్రులు గడిపినవారు, ఆదివారం సాయంత్రాలు టీకి వచ్చేవారు. కంప్యూటరీకరణకు వ్యతిరేకంగా ఆ ఏడు కూడ సభలు జరుగుతూనే వున్నాయి. బ్యాంకులలో యంత్రాలు ప్రవేశపెట్టడం మీద శ్రీ రంగరాజన్ సంఘం నివేదిక 1984లో వచ్చిన తరువాత వాతావరణం మరీ వేడెక్కింది. అటువంటి యింట్లో కంప్యూటరు! అమ్మ దాని మీద ఎర్ర పట్టు గుడ్డ ఒకటి కప్పి వుంచేది. ఒక పెద్దమనిషి అదేమిటని అడిగారు. అమ్మ తడుముకోకుండా “హార్మోనియం” అన్నది. బెంగాలీ యింట్లో హార్మోనియం లేకపోవడమే వింత గనుక ఆయన సంతోషించి, “మీ వాళ్ళలో పాడేది ఎవరు?” అన్నారు. తమ్ముడు నా వైపు చూపించాడు. నా బ్రతుకులో ఒక సభాముఖంగా పాడినది ఆ ఒక్కరోజే; వాద్యం లేకుండా, మా అమ్మ నేర్పిన రామదాసు కీర్తన. ఆ పెద్దమనిషి కళ్ళు మూసుకుని తల వూపారు. హార్మోనియం ఎందుకు తెరవలేదని అడగలేదు. ఆయనకు తెలిసిపోయిందని మా నాన్నగారు చివరివరకు అనేవారు.

1987లో నేను ఢిల్లీ వచ్చాను. ఇచ్చిన మాట ఆయన నిలుపుకున్నారు. మధ్యలో ఏడాది ట్యూషన్లు చెప్పాను, తమ్ముడితో నాలుగైదు నెలలు సరిగా మాట్లాడలేదు. ఆ ఏడే కలకత్తాలో రైల్వే రిజర్వేషన్లు కంప్యూటరుకు మారాయి. మద్రాసు మెయిలుకు టిక్కెట్టు కోసం తెల్లవారుజామున వెళ్ళి వరుసలో నిలబడే నాన్నగారు, ఆ సారి టిఫినుకు ఇంటికి తిరిగి వచ్చారని అమ్మ ఉత్తరం వ్రాసింది. ఆయన ఉద్యోగ విరమణ చేసే నాటికి వారి ఆఫీసులో బల్లకొక తెర వచ్చింది. ఆ మీదట అదే పార్టీ ప్రభుత్వం, శ్రీ బుద్ధదేవ్ భట్టాచార్య నాయకత్వంలో, సాల్ట్ లేక్ అయిదవ సెక్టారుకు కంప్యూటరు కంపెనీలను చేతులు చాచి పిలిచింది. అప్పటికి బెంగుళూరు, హైదరాబాదులు చాలా దూరం వెళ్ళిపోయాయి. వాటితోపాటు ఈ నగరపు పిల్లలు కూడ.

తమ్ముడు కంప్యూటరు ఇంజనీరు కాలేదు. భూగర్భశాస్త్రం చదివి గనుల సంస్థలో పనిచేస్తున్నాడు. అంత అప్పు చేసి కొన్నదానికి ఫలితమేమిటని లెక్క కట్టేవారికి ఈ కథ నిరాశ కలిగించవచ్చు. ఆ యంత్రం నాలుగేళ్ళు పని చేసింది. మీటల క్రింది పలచని పొర చిట్లి, విడిభాగం దొరకక ఆగిపోయింది. 1993లో ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతోపాటు అమ్మ దానిని తూకానికి వేసేసింది. ఆ సంగతి తమ్ముడు ఇంకా క్షమించలేదు.

నాన్నగారు పోయిన తరువాత ఆయన జమాఖర్చు పుస్తకాలు తీసి చూశాము. ఏ ఏటికాయేడు కుట్టించి పెట్టుకున్నవి. 1986 పుస్తకంలో ఆ నెల పుట తీస్తే, సహకార సంఘం అప్పు జమ 5000. దాని ఎదుట ఖర్చు: హార్మోనియం 4800, హార్మోనియం మరమ్మతు 150, పెద్దవాడికి 50. తన సొంత పుస్తకం, ఇంకెవరూ చూడని పుస్తకం. అందులో కూడ ఆ మాట వ్రాయలేకపోయారు.

మొన్న చాందినీలో గంటన్నర తిరిగాను. ఫోను తొడుగులు, గాజు రేకులు, రిమోట్లు అమ్మే సందులన్నీ దాటి, మెట్ల క్రింద పాత రేడియోలు పేర్చిన ఒక చిన్న దుకాణంలో దొరికింది. 9 వేలు అన్నాడు కుర్రవాడు. పని చేస్తుందా అంటే, దానికి తగిలించే టి.వి. ఎక్కడ వున్నది బాబూ అన్నాడు. పెర్త్‌కు ఫోను చేశాను. అక్కడ రాత్రి భోజనాల వేళ. “మీటలు నొక్కి చూడన్నయ్యా, రబ్బరు మెత్తగా వున్నదా, బిగుసుకుపోయిందా?” అన్నాడు. నొక్కాను. నేను ఆ యంత్రాన్ని తాకడం అదే మొదటిసారని అప్పుడు స్ఫురించింది. ఇంట్లో వున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడ పంతం కొద్దీ ముట్టుకోలేదు. మెత్తగానే వున్నదని చెప్పాను.

బేరమాడి 7500కు తీసుకున్నాను. విమానంలో తీసుకుపోవాలి గనుక చీటీ వ్రాసి యిమ్మన్నాను. కుర్రవాడు కార్బను పెట్టి, తేదీ వేసి, వస్తువు పేరు ఏమని వ్రాయమంటారని తలెత్తి అడిగాడు. చెప్పాను. ఒకసారి పెట్టె వైపు, ఒకసారి నా వైపు చూసి, నవ్వుకుంటూ అదే వ్రాసి యిచ్చాడు.